మా చర్చికి 50 ఏళ్ళు: రాతి మీద ఎవరి పేరూ లేదు

 

ఇది కొంచెం పెద్ద పోస్టు. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. మీ ఊర్లో గుడి కట్టినా, చర్చి బాగుచేసినా, అమ్మవారి గద్దె కట్టినా, కమ్యూనిటీ హాలు కట్టినా ఈ విషయం పనికొస్తుంది.

మేము తొమ్మిది మందిమి. అందరిదీ ఒకే ఊరు. పార్వతీపురం మన్యం జిల్లాలో కొండ కింద ఉన్న ఊరు. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో మా పెద్దవాళ్ళ సంగతులు ఉన్నాయి, వాళ్ళని పదిమందిలో పెట్టడం మాకు ఇష్టం లేదు. మాలో నలుగురు డిగ్రీ, ఇద్దరు బీటెక్, ఇద్దరు నర్సింగ్, ఒకరు బీఈడీ. పండక్కీ సెలవులకీ ఊరెళ్ళినప్పుడే అందరం కలుస్తాం.

మా ఊర్లో సుమారు 70 గడపలు ఉంటాయి. జాతాపులు ఎక్కువ, కొండదొరలు కొంతమంది. అందులో 38 గడపలు లూథరన్ సంఘానికి చెందినవి. మిగతా వాళ్ళు మన పాత పద్ధతిలోనే ఉన్నారు. మా సంఘానికి ఈ సంవత్సరం 50 ఏళ్ళు నిండాయి. సంక్రాంతి దాటాక స్వర్ణోత్సవం చేసుకున్నాం. దాంతో పాటు చర్చి బిల్డింగు కూడా బాగుచేసుకున్నాం. ఆ ఫొటోలు మేము స్టేటస్‌లో పెడితే హాస్టల్లో ఒకరిద్దరు అడిగారు, "బయటి దేశాల నుంచి ఎంతొచ్చింది?" అని. నవ్వుతూనే అడిగారు. కానీ అడిగింది మాత్రం నవ్వులాట కాదు. అందుకే డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా వచ్చింది, దాని మీద ఊర్లో ఎంత గొడవ అయింది అన్నీ రాస్తున్నాం.

ముందు కొంచెం చరిత్ర. మన పిల్లలకి చాలామందికి ఇది తెలీదు.

తెలుగు నేల మీద లూథరన్ అనగానే అందరికీ గుంటూరు గుర్తొస్తుంది. 1842 జూలై 31న హేయర్ అనే మిషనరీ గుంటూరు చేరాడు. అక్కడి నుంచి పెరిగిన సంఘాలే 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి అయ్యాయి. కానీ మా కొండల వైపు వచ్చిన దారి వేరు. ఉత్తర జర్మనీలో బ్రెక్లుమ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ క్రిస్టియన్ యెన్సెన్ అనే పాస్టరు 1876లో ఒక మిషన్ మొదలుపెట్టాడు. 1882లో ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోత్‌మన్ అనే ఇద్దరిని ఇటు పంపించారు. అప్పట్లో ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. కోరాపుట్ వైపు, సాలూరు, పార్వతీపురం వైపు ఆ మిషన్ పనిచేసింది. అదే 1928లో జయపూర్ ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా నిలబడింది. మన కువి భాషకి 1911లో వచ్చిన వ్యాకరణ పుస్తకం, 1913లో వచ్చిన పదకోశం రాసింది కూడా ఆ మిషన్‌కి చెందిన షుల్జే అనే ఆయనే. మా తాతలు మాట్లాడిన మాటల్లో కొన్ని ఇప్పుడు ఇళ్ళల్లో వినపడటం లేదు, ఆ పుస్తకాల్లో మాత్రం ఉన్నాయి. ఇది మంచో చెడో ఎవరి ఆలోచన వాళ్ళది. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాం.

ఇంకొక్క విషయం. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. జర్మనీ శత్రుదేశం కాబట్టి బ్రిటిష్ ప్రభుత్వం జర్మన్ మిషనరీలను నిర్బంధించి దేశం నుంచి పంపేసింది. మిషనరీలు పోయారు, డబ్బు ఆగింది. అయినా సంఘాలు పోలేదు. రాంచీ వైపు చూడండి. అక్కడ గోస్నర్ మిషన్ వాళ్ళు 1845లో వచ్చారు. 1850లో మొదట బాప్తిస్మం తీసుకున్న నలుగురూ ఉరావ్ ఆదివాసీలే. యుద్ధంలో మిషనరీలు వెళ్ళిపోయాక ముండా, ఉరావ్ పెద్దలే చర్చి బాధ్యత భుజాన వేసుకుని, 1919 జూలై 10న "ఇక ఇది మా చర్చి, మేమే నడుపుకుంటాం" అని ప్రకటించుకున్నారు. బయటి డబ్బు ఆగిపోయినా ఆదివాసీలు నడుపుకున్న చర్చి అది. స్టేటస్ కింద మమ్మల్ని అడిగినవాళ్ళకి ముందు ఇది చెప్పాలనిపించింది.

ఇక మా ఊరి సంగతి.

50 ఏళ్ళ కింద మా చర్చి అంటే ఒక తాటాకు పాక. తర్వాత రాళ్ళు మోసుకొచ్చి మట్టితో గోడలు లేపారు. గెడ్డ నుంచి రాళ్ళు తెచ్చింది ఎక్కువగా ఆడవాళ్ళే. పైన మొదట పెంకులు, తర్వాత సిమెంటు రేకులు. పొడవు 40 అడుగులు, వెడల్పు 22 అడుగులు. మా పాస్టరు గారికి ఐదారు ఊర్లు ఉన్నాయి, నెలకి రెండు ఆదివారాలే వస్తారు. మిగతా ఆదివారాలు మా సంఘ పెద్దే ఆరాధన నడిపిస్తారు.

కొన్నేళ్ళుగా రేకులు పగిలి కారుతున్నాయి. వానాకాలంలో ఆడవాళ్ళు కూర్చునే వైపు నాలుగు గిన్నెలు పెట్టి ఆరాధన చేసుకునేవాళ్ళం. గోడలకి బీటలు. మరుగుదొడ్డి లేదు. రాత్రి ప్రార్థన అయితే ఆడపిల్లలు తోటల్లోకి వెళ్ళాలి. కాళ్ళు నడవని ముసలివాళ్ళని మెట్ల దగ్గర ఇద్దరు ఎత్తి లోపల కూర్చోబెట్టాలి. 50 ఏళ్ళ పండుగ వస్తుంది కాబట్టి ఈసారి బాగుచేద్దాం అని పెద్దలు తీర్మానం చేశారు. మంచిదే. అందరం సంతోషించాం.

కానీ ఎలా చేద్దామన్నారో చూడండి. పైన శ్లాబు వెయ్యాలి. ముందు పెద్ద ఆర్చి కట్టాలి. నేలకి గ్రానైటు. మొత్తం తొమ్మిది లక్షల అంచనా. గడపకి 10,000 రూపాయలు చందా. ఉద్యోగం ఉన్నవాళ్ళు ఒక నెల జీతం. 5,000 పైన ఇచ్చినవాళ్ళ పేర్లు, ఎంత ఇచ్చారో ఆ అంకెతో సహా, గుమ్మం పక్కన నల్లరాతి మీద చెక్కించాలి. పక్క మండలంలో ఒక చర్చికి అలాగే చేశారట, చాలా బాగుందట.

మేము దసరా సెలవులకి వెళ్ళేసరికి చందా వసూలు మొదలై నాలుగు నెలలైంది. పదమూడు గడపలే కట్టాయి. ఆదివారం ఆరాధన తర్వాత కట్టినవాళ్ళ పేర్లు చదువుతున్నారు. కట్టనివాళ్ళ పేర్లు చదవడం లేదు. కానీ 38 గడపల ఊర్లో చదవని పేర్లే గట్టిగా వినపడతాయి.

మాకు ఒక మామ్మ ఉంది. మా అందరికీ ఏదో ఒక వరసలో మామ్మే. భర్త లేడు, కొడుకు చెన్నై వైపు కట్టుబడి పనికి పోయాడు. జీడితోట అరెకరం, పింఛను. ఆవిడ నాలుగు ఆదివారాలుగా చర్చికి రావడం లేదు. ఒంట్లో బాగోలేదేమో అని మాలో ఇద్దరమ్మాయిలు ఇంటికి వెళ్ళారు. ఆవిడ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. బాగానే ఉంది.

"మామ్మా, గుడికి రావడం లేదేం?"

"పది వేలు కట్టాలంతన్నారు కదమ్మా. కట్టకండా వాళ్ళ ముందర ఎలగ కూకుంతాను? కట్టీసినాక వస్తాను."

"ఎప్పుడు కడతావు?"

"అదే సూస్తన్నాను. మేకని అమ్మితే సగం వస్తాది."

చర్చి గోడకి గెడ్డ రాళ్ళు మోసినవాళ్ళలో ఆవిడ ఒకరు. అప్పటికి పెళ్ళై కొత్తగా వచ్చిన పిల్లట. తలమీద చుట్టకుదురు పెట్టుకుని రోజుకి ఎన్ని తిరుగుళ్ళు తిరిగేదో ఇప్పటికీ చెప్తుంది. ఆవిడ మోసిన రాళ్ళు గోడలో ఉన్నాయి, ఆవిడ మాత్రం ఇంటి దగ్గర ఉండిపోయింది. మాకు అక్కడ మనసు కలుక్కుమంది.

ఆవిడ ఒక్కతే కాదు. అడుగుతూ పోతే ఏడు గడపలు అలా మానేశాయని తెలిసింది. ఒక అన్నయ్య చందా కోసం సంఘం డబ్బులు నూటికి మూడు రూపాయల వడ్డీకి తీసుకున్నాడు. స్వయం సహాయక సంఘంలో తీసుకున్న పిల్ల చదువు డబ్బులు ఇంకొకరు తెచ్చి కట్టేశారు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఎవరూ తిట్టలేదు. సిగ్గు ఒక్కటే ఆ పని చేసింది.

ఆ నెలాఖరునే సంస్కరణ దినం. లూథరన్ చర్చిల్లో అక్టోబరు 31ని జరుపుతారు. 1517లో ఆ రోజున మార్టిన్ లూథర్ విటెన్‌బర్గ్‌లో 95 వాదాలు బయటపెట్టాడు. ఇది మాకు చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో చెప్పారు. కానీ ఎందుకు గొడవ మొదలైందో అంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మాలో బీఈడీ చదివే అక్క అది చదివి మాకు చెప్పింది.

విషయం ఏంటంటే, రోములో సెయింట్ పీటర్స్ అనే పెద్ద చర్చిని మళ్ళీ కట్టడం 1506లో మొదలైంది. దానికి డబ్బు కావాలి. పోపు పదో లియో కాలంలో పాపక్షమాపణ పత్రాలు అమ్మి డబ్బు పోగుచేశారు. డబ్బు ఇస్తే పత్రం ఇస్తారు, చనిపోయినవాళ్ళకి కూడా శిక్ష తగ్గుతుందని చెప్పేవాళ్ళు. జర్మనీలో టెట్జెల్ అనే ఆయన ఊరూరా తిరిగి అమ్మాడు. ఆ వసూళ్ళలో సగం చర్చి కట్టడానికి, సగం ఒక ఆర్చిబిషప్ తన పదవి కోసం ఫుగ్గర్ అనే షావుకార్ల దగ్గర చేసిన అప్పు తీర్చడానికి వెళ్ళాయి. పేదవాళ్ళు ఇంట్లో తిండికి ఉంచుకోవాల్సిన డబ్బు కూడా తీసుకెళ్ళి ఇచ్చేవాళ్ళు. లూథర్ వాదాల్లో ఈ బాధ చాలాచోట్ల కనపడుతుంది. అవసరానికి మించి లేనివాడు ఇంటి ఖర్చుకి ఉంచుకోవాలి అనీ, అంత ధనవంతుడైన పోపు పేదల డబ్బుతో కాకుండా తన సొంత డబ్బుతో ఆ చర్చి ఎందుకు కట్టకూడదు అనీ ఆయన అడిగిన దాని సారాంశం.

అంటే మన లూథరన్ చర్చి పుట్టిందే చర్చి బిల్డింగుకి డబ్బు ఎలా వసూలు చెయ్యాలన్న గొడవ దగ్గర. ఇది విన్నాక మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మా పెద్దలు టెట్జెల్ లాంటివాళ్ళు కాదు. ఎవరికీ క్షమాపణ పత్రాలు అమ్మలేదు, ఒక్క రూపాయి తినలేదు. కానీ డబ్బు ఇవ్వలేదని ఒక మనిషి దేవుని గుమ్మం తొక్కడానికి సిగ్గుపడితే, ఆ గుమ్మానికి గ్రానైటు వేసినా ఏం లాభం?

పాస్టరు గారు వచ్చిన ఆదివారం ఆరాధన తర్వాత సంఘం అంతా కూర్చోవాలని అడిగాం. మేము పిల్లలం, పెద్దలని ఎదిరించినట్టు ఉండకూడదు. అందుకని ముందు రోజు రాత్రే సంఘ పెద్ద ఇంటికి వెళ్ళి, "తాతా, రేపు ఇలా మాట్లాడదాం అనుకుంటున్నాం, మీరే ముందుండాలి" అని చెప్పాం. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి "మాట్లాడండి. గాని ఎవర్నీ పేరెట్టి అనొద్దు" అన్నారు.

మీటింగులో మాటామాటా పెరిగింది. మాకు ఎదురుగా మాట్లాడినవాళ్ళ మాటల్లో కూడా నిజం ఉంది, అది దాచకూడదు.

కోశాధికారి గారు అన్నది: "పేర్లు రాస్తేనే నలుగురూ ఇస్తారు. ఇష్టం వచ్చినంత ఇవ్వండి అంటే పది రూపాయలు వేసి ఊరుకుంటారు. ఇరవై ఏళ్ళుగా లెక్కలు రాస్తున్నాను, నాకు తెలీదా?" ఆయన చెప్పింది నిజమే. బ్యాంకులో పనిచేసే మా ఊరి ఆయన ఒకరు తండ్రి పేరు మీద 50,000 ఇస్తానన్నారు, రాతి మీద పేరు ఉంటే.

ఇంకొకరు అన్నారు, "పక్క ఊర్లో ఆర్చి కట్టారు, మనం కట్టకపోతే 50 ఏళ్ళ సంఘం పరువేం కావాలి?"

అప్పుడే ఇంకో రెండు విషయాలు కూడా బయటికొచ్చాయి. ఒక నాయకుడు ఆర్చికి 100 బస్తాల సిమెంటు ఇస్తానన్నారట, ఆర్చి మీద ఆయన ఫొటో, పేరు పెట్టాలి. కిందనుంచి వచ్చి వ్యాపారం చేసుకునే ఒక షావుకారు ప్రహరీ గోడ మొత్తం తన ఖర్చుతో కడతానన్నారట, రోడ్డు వైపు మూలలో ఒక షాపుకి స్థలం లీజుకి ఇవ్వాలి. రెండో దాని మీద మేము గట్టిగానే మాట్లాడాం. మాది షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం ఇక్కడ భూమి గిరిజనేతరులకి బదిలీ చెయ్యకూడదు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. లీజు, తనఖా, దానం, మార్పిడి అన్నీ వస్తాయి. చర్చి స్థలం ఒక జాతాపు కుటుంబం ఇచ్చిన స్థలం. ప్రహరీ కోసం మూల ఇస్తే రేపు ఇంకో మూల అడుగుతారు. మన ఏజెన్సీలో ఎన్ని భూములు ఇలాగే పోయాయో ఈ గ్రూపులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ మాట మీద మాత్రం ఊరంతా ఒక్కటైంది.

మాలో సివిల్ చదివే తమ్ముడు గోడలు కొలిచి చూశాడు. వాళ్ళ కాలేజీలో సారుని కూడా అడిగాడు. మట్టితో కట్టిన రాతి గోడలు శ్లాబు బరువు మొయ్యవు. వెయ్యాలంటే ముందు పునాది నుంచి పిల్లర్లు లేపాలి. తొమ్మిది లక్షలు కూడా చాలవు. అదే ఇనుప ట్రస్ వేసి రంగు రేకులు వేసి కింద సీలింగు కొడితే గోడల మీద బరువు తక్కువ, కారడం ఉండదు. ఈ మాట చెప్పాక శ్లాబు గురించి వాదన ఆగిపోయింది.

అప్పుడు మామ్మ గురించి చెప్పాం, పేరు చెప్పకుండానే. అందరికీ అర్థమైంది. సంఘ పెద్ద లేచి, "మనం ముందు మడుసుల్ని లోపటికి తేవాల, గ్రానైటు తర్వాత తేవచ్చు" అన్నారు. పాస్టరు గారు పెద్దగా ప్రసంగం ఏం చెయ్యలేదు. "ఎవరెంత ఇచ్చారో దేవునికి తెలుసు, కోశాధికారికి తెలుసు. మూడోవాడికి ఎందుకు?" అన్నారు. అంతే.

చివరికి అనుకున్నవి ఇవి.

గడప చందా తీసేశారు. కవర్లు ఇస్తారు, ఎవరికి చేతనైంది వాళ్ళు వేస్తారు. కవరు మీద పేరు ఉండదు. అప్పు చేసి ఎవరూ ఇవ్వకూడదు. అప్పటికే వడ్డీకి తెచ్చి కట్టినవాళ్ళు అడిగితే వెనక్కి ఇస్తారు. ఇద్దరు తీసుకున్నారు.

డబ్బు ఇవ్వలేనివాళ్ళు పని చెయ్యొచ్చు. ఒక రోజు పని పుస్తకంలో రాస్తారు, ఆడవాళ్ళదీ మగవాళ్ళదీ ఒక్కటే లెక్క.

ప్రతి ఇంట్లో వండేముందు పిడికెడు బియ్యం తీసి కుండలో వెయ్యాలి. ఇది కొత్త కాదు, మా ఊర్లో పూర్వం ఉన్నదే, మధ్యలో మానేశారు. మిజోరంలో ఆడవాళ్ళు 1910 నుంచి ఇలాగే పిడికెడు బియ్యం తీసి వాళ్ళ చర్చి పనులు నడుపుతున్నారు. వాళ్ళూ మనలాంటి గిరిజనులే. మా ఊర్లో ఒక షరతు పెట్టుకున్నాం: రేషన్ బియ్యం వెయ్యకూడదు, సొంత పంటే వెయ్యాలి. బియ్యం లేకపోతే చోళ్ళు.

నెలకోసారి జమాఖర్చు కాగితం మీద రాసి చర్చి గోడకి అంటించాలి. చదువు రానివాళ్ళ కోసం చదివి వినిపించాలి.

రాతి మీద ఎవరి పేరూ ఉండదు. ఎవరి ఫొటో ఉండదు. ఆర్చి ఇప్పుడు వద్దు.

లెక్క కూడా చెప్తాం. పోస్టు రాసేముందు పెద్దల అనుమతి తీసుకున్నాం.

కొత్త అంచనా 4,25,000. పైకప్పు 2,10,000. గోడల బీటలు, ప్లాస్టరింగు 60,000. రెండు మరుగుదొడ్లు 70,000. నేల, వరండా 45,000. వైరింగు, ఫ్యాన్లు 30,000. ముసలివాళ్ళకి మెట్ల పక్కన ర్యాంపు 10,000.

వచ్చింది: కోత పండుగ వేలం 41,300. పిడికెడు బియ్యం, చోళ్ళు 14 నెలలకి 32,700. స్త్రీల సమాజం వాళ్ళు చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకు విస్తర్లు అమ్మి తెచ్చింది 26,000. కవర్లలో 96,500. ఉద్యోగాలు చేసేవాళ్ళు, బయటికి పనులకి వెళ్ళినవాళ్ళు ఇచ్చింది 1,58,000. చుట్టుపక్కల సంఘాలు 28,000. మా ఊర్లో చర్చికి రాని గడపలు ఇచ్చింది 11,500. మొత్తం 3,94,000.

అంచనాకి 31,000 తక్కువ పడింది. కానీ మట్టి తవ్వడం, ఇసుక మొయ్యడం, పాత రేకులు దించడం, గుంతలు తియ్యడం అన్నీ మేమే చేసుకున్నాం. పుస్తకంలో 212 రోజుల పని ఉంది. అందువల్ల ఖర్చు 3,90,600 దగ్గర ఆగింది. 3,400 మిగిలాయి. విదేశాల నుంచి వచ్చింది సున్నా. రావాలన్నా రాదు. బయటి దేశం డబ్బు తీసుకోవాలంటే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద సంస్థకి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. మా ఊరి సంఘానికి ఉన్నది ఒక రేకు పెట్టె, ఒక లాంగ్ నోట్‌బుక్.

కోత పండుగ వేలం చూడని వాళ్ళకి చెప్పాలి. ఎవరింట్లో పండిన మొదటి పంట వాళ్ళు తెస్తారు. గుమ్మడికాయలు, కందులు, పసుపు కొమ్ములు, అరటి గెల, కోడిపుంజు. బలిపీఠం ముందు పెట్టి ప్రార్థన చేశాక వేలం వేస్తారు. ఈసారి ఒక్క గుమ్మడికాయ తొమ్మిది చేతులు మారింది. కొన్నవాడు మళ్ళీ దాన్నే కానుకగా ఇచ్చేస్తాడు, మళ్ళీ వేలం. మన కందికొత్త పండుగలో కొత్త కందులు ముందు దేవతకి పెట్టకుండా మనం తింటామా? తినం కదా. మా తాతలు చర్చికి వెళ్ళారు గానీ ఆ అలవాటు మాత్రం వదల్లేదు. మొదటి పంట నీది కాదు అన్న మాట రెండు చోట్లా ఒకటే.

నష్టం కూడా చెప్పాలి. 50,000 ఇస్తానన్న బ్యాంకు ఆయన పేరు లేదు అనేసరికి 20,000 ఇచ్చారు. కోశాధికారి గారు మా వైపు చూసి ఏం అనలేదు, ఆ చూపు చాలు. ఫ్యాన్లు ఆరు అనుకున్నవి నాలుగే వచ్చాయి. ప్రహరీ లేదు, మేకలు లోపలికి వస్తున్నాయి. పండుగ రోజు పక్క ఊరి వాళ్ళు "ఆర్చి లేదేటి?" అని అడిగితే మావాళ్ళు కొందరు తల దించుకున్నారు. ఇద్దరు పెద్దలు ఇప్పటికీ మాతో ముభావంగానే ఉంటున్నారు. కాలంతో సర్దుకుంటుందని మా నమ్మకం.

మానేసిన ఏడు గడపల్లో ఆరు తిరిగి వచ్చాయి. మామ్మ మేకని అమ్మలేదు. ర్యాంపుకి మట్టి మోసే రోజు వద్దంటే వినకుండా వచ్చి, గంప ఎత్తలేక, కూర్చుని రాళ్ళు ఏరింది. పుస్తకంలో ఆవిడకి ఒకటిన్నర రోజు రాశాం. అర రోజు ఎందుకు ఎక్కువ రాశారని మమ్మల్నే తిట్టింది.

స్వర్ణోత్సవం రోజు ఊరంతా వచ్చింది. చర్చికి రాని గడపల వాళ్ళు కూడా. 11,500 ఇచ్చింది వాళ్ళే అని పైన చెప్పాం. మేము అడగలేదు. "మా తాత కూడా ఆ గోడకి రాళ్ళు మోసినాడు కదరా" అని వాళ్ళే తెచ్చి ఇచ్చారు. వాళ్ళ అమ్మవారి పండక్కి మా ఇళ్ళ నుంచి బియ్యం వెళ్తాయి, పని చెయ్యడానికి మనుషులు వెళ్తారు. భోజనాలు ఒకే పందిట్లో. సాయంత్రం డప్పులు తెచ్చి థింసా ఆడారు. చర్చి ముందు డప్పు కొట్టొచ్చా అని ఒకరు అడిగితే సంఘ పెద్దే ముందు అడుగు వేశారు.

ఇది ఎందుకు రాస్తున్నామంటే, మతం మారిన ఆదివాసీలని ఎస్టీ జాబితా నుంచి తీసెయ్యాలని ఈమధ్య చాలాచోట్ల అంటున్నారు. చట్టం తెలుసుకోండి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. అదే ఏడాది వచ్చిన షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అలాంటి షరతు లేదు. తెగ అంటే పుట్టుక, భాష, భూమి, బతుకు. ఏ గుడికి వెళ్తావన్నది కాదు. మాలో చర్చికి వెళ్ళేవాళ్ళకీ వెళ్ళనివాళ్ళకీ గొడవ పెడితే నష్టపోయేది రెండు వైపులా ఉన్న జాతాపులే, కొండదొరలే. లాభపడేది ఆ రోడ్డు మూల అడిగినవాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ ఊర్లో ఇలాంటి పని మొదలైతే చదువుకున్నవాళ్ళుగా మీరు నాలుగు విషయాలు అడగండి. చందా కట్టలేనివాడు లోపలికి రాగలడా? లెక్క గోడ మీద ఉందా? ఇచ్చేవాడు బదులుగా ఏం అడుగుతున్నాడు? ముందు బాగుచేసేది ఎవరికి పనికొచ్చేది: ఆడపిల్లలకి మరుగుదొడ్డా, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి కనపడే ఆర్చా? పెద్దలని అవమానించకుండా అడగొచ్చు. ముందు రోజు రాత్రి వాళ్ళింటికి వెళ్ళి కూర్చుంటే సగం పని అయిపోతుంది.

మా చర్చి గుమ్మం పక్కన ఇప్పుడు ఒక చిన్న రాయి ఉంది. దాని మీద సంవత్సరాలు రెండు, కింద ఒక్క లైను: సంఘస్తులు, ఊరివారు కలిసి. చెక్కినాయన "ఇంతేనా? పేర్లు లేవా?" అని రెండుసార్లు అడిగాడు. కూలి కూడా తక్కువే తీసుకున్నాడు, అక్షరాలు తక్కువ కాబట్టి.

వచ్చే ఏడాది ప్రహరీ సంగతి చూడాలి. మేకలకి ఎవరూ నచ్చజెప్పలేకపోతున్నారు.

జై ఆదివాసీ.